గుట్ట మీది పగులు పెరుగుతోందా, రోజూ కదిలి మళ్ళీ మామూలవుతోందా? మీరే కొలిచి తేల్చుకోవడం ఎలా

మే నెల మధ్యాహ్నం గుట్ట మీది బండను అరచేత్తో తాకి చూడండి, రెండు సెకన్లు కూడా ఉంచలేరు. అదే బండ మీద తెల్లవారుజామున హాయిగా వెన్ను వాల్చొచ్చు. పగలు 55 డిగ్రీలు దాటిన రాతి పైభాగం తెల్లారేసరికి 30 దగ్గరికి దిగుతుంది, ఎండ రాగానే మళ్ళీ ఎక్కుతుంది. "మా ఇంటి వెనక బండకు పగులుంది, ఈ ఎండాకాలం ఇంకాస్త విచ్చుకున్నట్టు కనిపిస్తోంది, భయపడాలా?" అని నన్ను చాలామంది అడిగారు. కంటితో చూసి చెప్పలేనండి, కొలవాలి, అదీ ఒక్కసారి కొలిస్తే సరిపోదు.

ఎందుకంటే ఎండలో ఉన్న ఏ పగులైనా రోజూ కొంచెం తెరుచుకుంటుంది, కొంచెం మూసుకుంటుంది. అమెరికాలోని యోసెమిటీ లోయలో కొండకు అంటుకుని ఉన్న ఒక గ్రానైట్ పెచ్చు వెనక బ్రయన్ కాలిన్స్, గ్రెగ్ స్టాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూడేళ్ళకు పైగా పరికరాలు పెట్టి చూస్తే, ఆ సందు ఒక్క రోజులోనే దాదాపు సెంటీమీటరు దాకా తెరుచుకుని మూసుకుంటోందని తేలింది. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే మీరు ఉదయం చూసి "పర్లేదు" అనుకున్నదే మధ్యాహ్నం చూస్తే "అమ్మో" అనిపించొచ్చు, రెండూ తప్పే. మనకు కావలసింది ఈ రోజువారీ రాకపోకలు తీసేశాక మిగిలేది, అంటే తెరుచుకుని మళ్ళీ వెనక్కి రాకుండా ఉండిపోయిన కొన్ని వందో వంతుల మిల్లీమీటర్లు. పాత పెంకుటింటి దూలం మీద బరువేమీ పెరగకపోయినా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం వంగిపోతుంది కదా, అలాంటి మెల్లని సాగుడునే క్రీప్ అంటారు. రాయికీ అది ఉంది, వేడి దాన్ని తొందరపెడుతుంది.

ముందు రాయి లోపల ఏం జరుగుతుందో కాస్త

గ్రానైట్‌ను ఒకే ముద్దగా చూడకండి. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, దానితో పాటు ఫెల్డ్‌స్పార్, అభ్రకం, ఇవన్నీ గింజలు గింజలుగా ఒకదాన్నొకటి ఇరికించుకుని కూర్చున్న గుంపు అది. వేడెక్కితే ఒక్కొక్కటీ ఒక్కో లెక్కన వ్యాకోచిస్తుంది. పైగా ఒకే క్వార్ట్జ్ గింజ కూడా ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున దాదాపు సగమే సాగుతుంది. కిక్కిరిసిన బస్సులో ఒకడు మోచేతులు చాచినట్టు, పక్క గింజల మీద ఒత్తిడి పడుతుంది, అంచుల దగ్గర కంటికి కనపడని బీటలు మొదలవుతాయి. బయటి ఒత్తిడి ఏమీ లేని గ్రానైట్‌లో ఇది 70, 80 డిగ్రీలకే మొదలైనట్టు ప్రయోగాల్లో చూశారు. మన ఎండ అంత దూరం తీసుకెళ్ళదు గానీ, బొత్తిగా దూరంలోనూ లేదు.

రెండో సంగతి, రాయి అంతా ఒకేసారి వేడెక్కదు. రోజువారీ ఎండ గ్రానైట్‌లోకి దిగే లోతు లెక్క కడితే దాదాపు 17 సెంటీమీటర్లు వస్తుంది. అక్కడ పైనున్న హెచ్చుతగ్గుల్లో మూడో వంతు కాస్త పైచిలుకు మాత్రమే మిగులుతుంది, అదీ దాదాపు నాలుగు గంటలు ఆలస్యంగా చేరుతుంది. పై పొర సాగుదామంటే కింది రాయి సాగనివ్వదు. సాయంత్రం తిరగబడుతుంది, పై పొర కుంచించుకోవాలంటే ఇంకా వేడిగా ఉన్న లోపలి రాయి అడ్డుపడుతుంది, అప్పుడు పైన లాగుడు పుడుతుంది. ఎటూ కదలనివ్వకుండా పూర్తిగా బిగించిన గ్రానైట్‌ను 20 డిగ్రీలు చల్లబరిస్తే దాదాపు 10 మెగాపాస్కల్స్ లాగుడు వస్తుందని కాగితం మీద తేలుతుంది, మామూలు గ్రానైట్ లాగుడుకు తట్టుకునే శక్తి కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. అసలు గుట్టలో అంత గట్టి బిగింపు ఉండదు కాబట్టి ఒక్క రోజులో పగలదు.

మరి ఒక్క రోజులో పగలని రాయి ఏళ్ళ మీద ఎందుకు పగులుతుంది? పగులు మొనలో తేమ ఉంటుంది. లాగుడులో ఉన్న సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని నీటి అణువు మెల్లగా తెంపేస్తుంది, పగులు ఒక అణువు మేర ముందుకు జరుగుతుంది, ఆ తర్వాత ఇంకొకటి. ఇది రసాయన చర్య కాబట్టి వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. ఈ చర్యకు కావలసిన శక్తి మోల్‌కు 50 కిలోజౌల్స్ అనుకుంటే, 20 డిగ్రీల దగ్గర కంటే 60 దగ్గర దాదాపు 12 రెట్లు వేగంగా సాగాలి. (ఆ 50 అనేది లెక్క కోసం తీసుకున్నది, రాయిని బట్టి మారుతుంది.) అయితే వేసవి మధ్యాహ్నం పగులు మొనలో తేమ తక్కువ, వేడి ఎక్కువ. వానాకాలంలో తేమ ఎక్కువ, వేడి తక్కువ. అందుకే నాకు మే కంటే జూన్ మీదే అనుమానం, కాలిన బండ మీద తొలకరి పడే ఆ రెండు మూడు వారాల మీద. మీ రీడింగులు ఆ నెలలో మాత్రం తప్పిపోకుండా చూసుకోండి.

మేకులు బిగించడం

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. 0.02 మిల్లీమీటరు చూపించే 150 మిల్లీమీటర్ల ఉక్కు వెర్నియర్ (రెండు దవడల మధ్య పట్టి దూరం కొలిచే స్కేలు), కొన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు (6 మిల్లీమీటర్ల మందం, గుండ్రంగా, మర లేనివి), హ్యామర్ డ్రిల్లు, ఎపాక్సీ, రాతి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ తేకండి, జ్వరం హద్దు దాటగానే అది చేతులెత్తేస్తుంది.

పగులుకు ఒక పక్క రెండు పిన్నులు, అవతలి పక్క ఒకటి, త్రిభుజంలా పెట్టండి. రెండే పెడితే పగులు విచ్చుకుందో లేక పక్కకు జారిందో తెలియదు. పిన్నుల మధ్య దూరం 80 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే వెర్నియర్ దవడలతో బయటి అంచు నుంచి బయటి అంచుకు సులువుగా పట్టుకోవచ్చు. ఆ తర్వాత అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది: పగులు లేని చోట, అదే బండ మీద, అంతే దూరంలో ఇంకో రెండు పిన్నులు బిగించండి. దీన్ని సాక్షి జత అనుకుందాం. పగులు లేని గ్రానైట్ 80 మిల్లీమీటర్లకు 20 డిగ్రీలు వేడెక్కితే 0.013 మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది, అంటే మీ వెర్నియర్‌కి ఆనదు. కాబట్టి సాక్షి జత కదిలినట్టు కనిపిస్తే కదిలింది రాయి కాదు, మీ పద్ధతిలో ఏదో తేడా ఉంది.

ఈ సాక్షి జత విలువ నాకు ఒక వేసవి మొత్తం పోగొట్టుకున్నాక తెలిసింది. డ్రిల్లు ఎవరు మోస్తారని పిన్నులను అయిదు నిమిషాల్లో ఆరే జిగురుతో రాతి మీద పైపైనే అంటించాను. ఏప్రిల్‌లో రోజురోజుకీ దూరం పెరుగుతోంది, నాకేమో సంబరం, క్రీప్ దొరికిందని. తీరా చూస్తే మెల్లగా జారింది జిగురు. ఇలాంటి ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీలకే మెత్తబడతాయి, సరిగ్గా మన బండలు చేరే వేడికి. అందుకే 30 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేసి, గాలి ఊది దుమ్ము పోగొట్టి, పిన్ను బిగుతుగా దిగేలా చేసి, సందులు పూడ్చడానికి మాత్రమే కొంచెం ఎపాక్సీ వాడండి. నెమ్మదిగా ఆరే రకమే తీసుకోండి. బిగించాక రెండు వారాలు రీడింగులు తీయకుండా వదిలేయండి.

గుడి గోడలు, శాసనాలున్న బండలు, పాత చిత్రాలున్న గుహలు, వీటి జోలికి డ్రిల్లుతో వెళ్ళొద్దు. వేరేవాళ్ళ స్థలమైతే అడిగి చేయండి. పగులులో చెయ్యి పెట్టే ముందు టార్చి వేయండి, ఎండాకాలం తేళ్ళకూ పాములకూ ఆ నీడే ఇల్లు. బండ ముందుకు వాలి ఉంటే దాని కింద నిలబడి కొలిచే ఆలోచన మానుకోండి, పక్కనుంచి అందే చోటే పిన్నులు పెట్టండి.

రీడింగు తీసే వేళ

సూర్యుడు రాకముందు. రాయి పైనా లోపలా వేడి తేడా అప్పుడే తక్కువ. మీ చేతిలో ఉన్న ఉక్కు కూడా సాగేదే, గ్రానైట్ కంటే ఒకటిన్నర రెట్లు. 84 మిల్లీమీటర్ల ఉక్కు 25 డిగ్రీల తేడాకు 0.025 మిల్లీమీటరు మారుతుంది, అంటే వెర్నియర్ మీది ఒక గీత కంటే ఎక్కువే. వెర్నియర్‌ను ఎండలో బండ మీద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చి కొలిస్తే ఏం కొలిచినట్టు? సంచిలో నీడన ఉంచండి, తెల్లవారుజామున వాడండి.

ప్రతి జతనూ మూడుసార్లు కొలిచి మధ్య విలువ రాసుకోండి. దాంతోపాటు రాతి వేడి, నిన్న వాన పడిందా లేదా, పగులులో మట్టి, వేళ్ళు ఏమైనా కొత్తగా కనిపించాయా అన్నది కూడా. వారానికి ఒకసారి చాలు, జూన్‌లో మాత్రం మూడు నాలుగు సార్లు.

ఇది కాక మొదట్లోనే ఒక మబ్బు లేని రోజును పూర్తిగా దీనికి కేటాయించండి. తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాకా గంటకోసారి కొలవండి. వేడిని అడ్డంగా, దూరాన్ని నిలువుగా వేసి గ్రాఫ్ గీస్తే సరళరేఖ రాదు, సన్నటి ఉచ్చులాంటి ఆకారం వస్తుంది. ఉదయం 40 డిగ్రీల దగ్గర ఒక దూరం, సాయంత్రం అదే 40 దగ్గర వేరే దూరం. మీరు తప్పు చేయలేదు, లోపలికి వేడి ఆలస్యంగా చేరడం వల్ల వచ్చిన తేడా అది. ఆ ఉచ్చు నడిమధ్యగా ఒక గీత గీస్తే డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో తెలుస్తుంది. రెండు పెద్ద గుండ్ల మధ్య పగులైతే వేడికి గుండ్లు ఉబ్బి పగులు మూసుకుంటుంది. ఉల్లిపొర లాంటి పెచ్చు అయితే ఎండకు విల్లులా వంగి బయటికి తెరుచుకుంటుంది. మీది ఏ రకమో ఆ ఒక్క రోజులోనే తెలిసిపోతుంది.

మిగులు తీయడం

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు వివరించడానికి తీసుకున్నవే. డిసెంబర్ తెల్లవారుజామున రాయి 16 డిగ్రీలు, దూరం 84.32 మిల్లీమీటర్లు. మీ గ్రాఫ్ ప్రకారం డిగ్రీకి 0.012 మూసుకుంటోంది. మేలో తెల్లవారుజామున 29 డిగ్రీలు, అంటే 13 డిగ్రీలు ఎక్కువ, పగులు 0.156 మూసుకుని 84.16 దగ్గర ఉండాలి. మీకు 84.20 వచ్చింది. 0.04 మిగులు! వెంటనే టెన్షన్ పడకండి. అది వెర్నియర్ మీద రెండు గీతలే. పైగా ఒక్క రోజు కొలిచి తీసిన లెక్క సీజన్ మొత్తానికి పనిచేయదు. ఏడాది తిరిగే వేడి గ్రానైట్‌లో మూడు మీటర్ల లోతుకు దిగుతుంది, అక్కడికి చేరేసరికి దాదాపు రెండు నెలలు ఆలస్యమవుతుంది. మే ఎండ గుండు నడిమికి చేరేది జూలైలో, బయట వాన పడుతున్నప్పుడు. జూలై రీడింగును జనవరి రీడింగుతో పోల్చి ఏదో తేల్చేసినవాళ్ళను చూశాను, పాపం చాలా నమ్మకంగా చెప్పారు.

కాబట్టి ఈ డిసెంబర్‌ను వచ్చే డిసెంబర్‌తోనే పోల్చండి, అదే వేళ, దాదాపు అదే వేడి. రెండో డిసెంబర్‌లో 16 డిగ్రీల దగ్గర 84.40 వచ్చి, సాక్షి జత మాత్రం కదలకుండా ఉంటే, ఏడాదికి 0.08 మిల్లీమీటరు అసలైన మిగులు. అంటే కనీసం 13, 14 నెలల ఓపిక కావాలి. ఎక్కువ అనిపిస్తే ఇది వినండి: జపాన్‌లో కుమగాయ్, ఇటో అనే ఇద్దరు 1957లో రెండు మీటర్లకు పైగా పొడవున్న గ్రానైట్ దూలాలను ఆనించి పెట్టి వాటి వంపును కొలవడం మొదలుపెట్టారు, ఆ పని దశాబ్దాలు సాగింది.

మిగులు కనిపించినంత మాత్రాన రాయి కొత్తగా చీలుతోందని అనుకోవద్దు. మట్టి, చిన్న రాళ్ళు కూడా ఈ పని చేయగలవు. చలికి పగులు తెరుచుకున్నప్పుడు లోపలికి జారిన గులకరాయి, ఎండకు మూసుకోవాల్సిన పగులును మూసుకోనివ్వదు. మరుసటి చలికి ఇంకొంచెం కిందికి దిగుతుంది. ఎద్దుల బండి చక్రం వెనక రాయి పెట్టినట్టు, ముందుకే గానీ వెనక్కి పోనివ్వదు. పగులు పైభాగాన్ని శుభ్రం చేసి, మట్టి పడకుండా మెత్తటి స్పాంజి లాంటిది పెట్టి ఇంకో ఏడాది చూస్తే ఈ రెండింటిలో ఏదో తేలుతుంది.

కొలిమిలో తొందరగా చూడాలంటే

ఏడాది ఆగలేనివాళ్ళకు, ముఖ్యంగా కాలేజీలో మఫిల్ ఫర్నేస్ అందుబాటులో ఉన్నవాళ్ళకు, ఇదే కథను వారంలో చూసే దారి ఒకటుంది. గ్రానైట్ షాపులో కోసి పారేసిన ముక్కలు అడగండి. నల్లవి వద్దు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని షాపులో గ్రానైట్ అనే అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి, మనకు కావలసినంత క్వార్ట్జ్ అందులో ఉండదు. కడప బండ, తాండూరు బండ సున్నపురాళ్ళు, అవీ వద్దు. గులాబీ రంగుదో బూడిద రంగుదో, గింజలు కంటికి కనిపించేది తీసుకోండి. అయిదు సెంటీమీటర్ల ముక్కలు, ఒక్కో వేడికి మూడు. పాలిష్ ముఖానికి రెజిన్ పట్టించి ఉంటుంది, దాన్ని కోయించేయండి.

105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి తూచండి, నీళ్ళలో 24 గంటలు నానబెట్టి పైతడి తుడిచి మళ్ళీ తూచండి. మంచి గ్రానైట్ తన బరువులో అర శాతం నీరు కూడా తాగదు. మళ్ళీ ఆరబెట్టి, కొన్నిటిని 200, కొన్నిటిని 400, కొన్నిటిని 600 డిగ్రీలకు వేడి చేయండి. నిమిషానికి ఒక డిగ్రీ, మహా అయితే రెండు, అంతకంటే వేగం వద్దు. వేగంగా కాలిస్తే ముక్క పైకీ లోపలికీ ఉన్న వేడి తేడా వల్ల వచ్చిన బీటలు, గింజల కొట్లాట వల్ల వచ్చిన బీటలు కలిసిపోతాయి. పైవేడి దగ్గర రెండు గంటలు ఉంచి, ఫర్నేస్ ఆపేసి, తలుపు తెరవకుండా రాత్రంతా వదిలేయండి. తలుపు తెరిచి తొంగి చూడాలనిపిస్తుంది, ఆపుకోండి.

తర్వాత మళ్ళీ నానబెట్టి తూచండి. 200 దగ్గర తేడా స్వల్పం. 600 ముక్క తాగే నీరు చూస్తే ఆశ్చర్యపోతారు, ఎందుకంటే మధ్యలో 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ తన స్ఫటిక రూపాన్నే మార్చుకుంటుంది, ఆ లోపు దాని పరిమాణం నాలుగు శాతానికి పైగా పెరిగి ఉంటుంది. దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. కాల్చని ముక్క గంటలా ఖంగుమంటుంది, 600 ముక్క పగిలిన కుండలా బొదబొదమంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుంటే తర్వాత పక్కపక్కన వినొచ్చు.

400 ముక్కను మళ్ళీ 400కే వేడి చేసి చూడండి, కొత్తగా పెద్దగా ఏమీ జరగదు. 450కి తీసుకెళ్తే మళ్ళీ బీటలు మొదలవుతాయి. రాయి తను అంతకుముందు చూసిన గరిష్ఠ వేడిని గుర్తుపెట్టుకుంటుంది. అలాగైతే రోజూ ఒకే ఎండ తినే గుట్ట బండ ఎప్పుడో ఆగిపోవాలి కదా అని అడుగుతారేమో. ఫర్నేస్‌లో ఉన్న చిన్న ముక్క మీద బరువు లేదు, తేమ లేదు, ఉన్నది కొన్ని గంటలే. గుట్ట మీద ఈ మూడూ ఉన్నాయి.

కొన్ని రాళ్ళకైతే బీటల అవసరమే లేకుండా క్రీప్ వస్తుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో నేలకింద 655 మీటర్ల లోతున ఉప్పురాతిలో అణువ్యర్థాలు దాచే విప్ కేంద్రాన్ని అక్కడ కట్టడానికి కారణమే అది, తవ్విన గదుల చుట్టూ ఉన్న ఉప్పు మెల్లగా పారి వాటిని మూసేస్తుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా. గ్రానైట్ అలా పారాలంటే భూమి లోపల చాలా లోతుకు, వందల డిగ్రీల వేడికి వెళ్ళాలి. మన గుట్టల మీద గ్రానైట్‌కి బీటలే దారి.

జాగ్రత్త: ఏరులో దొరికిన తడి రాయిని మంటలో, ఓవెన్‌లో పెట్టకండి, లోపలి నీరు ఆవిరై రాయి పేలుతుంది. వేడి రాతి మీద నీళ్ళు పోసి చూద్దామన్న సరదా కూడా వద్దు. మంటతో బండ పొరలు లేపడం రాతి పనివాళ్ళకు తెలిసిన విద్యే, బెంగళూరు దగ్గర కట్టెల మంటను బండ మీద మెల్లగా జరుపుతూ పలకలు లేపిన తీరును వార్త్ అనే ఆయన 1895లో నేచర్ పత్రికలో రాశాడు. అక్కడ మంటను నడిపింది చేయి తిరిగిన మనుషులు.

ఎప్పుడు పరుగెత్తాలి

నెలనెలా మిగులు తగ్గుతూ వస్తుంటే రాయి సర్దుకుంటోంది. ఏళ్ళ తరబడి ఒకే వేగంతో నడుస్తుంటే కొలుస్తూ ఉండండి. వేగం పెరుగుతుంటే, ముఖ్యంగా వాన తర్వాత పెరిగి మళ్ళీ తగ్గకపోతే, వేగాన్ని తలకిందులు చేసి (ఒకటిని వేగంతో భాగించి) తేదీలకు ఎదురుగా గ్రాఫ్ వేయండి. 1985లో జపాన్‌లో ఫుకుజోనో ఇచ్చిన పద్ధతి ఇది. ఆ గీత సున్నా వైపు దిగుతుంటే, అది సున్నాను తాకే తేదీ దగ్గర బండ విడిపోవచ్చు. ఆ తేదీని నమ్ముకుని అప్పటిదాకా కింద కాపురం ఉండొద్దు, గీత దిగడం మొదలవ్వగానే ఇల్లు ఖాళీ చేసి, పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పి, భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళను తీసుకొచ్చి చూపించండి. పగులులో సిమెంటు కుక్కి మూసేయమని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి, వేడికి మూసుకోవాల్సిన పగులులో గట్టి సిమెంటు పెడితే అది ఇందాకటి గులకరాయి పనే చేస్తుంది.

ఇంకొకటి మర్చిపోయాను. మధ్యలో వెర్నియర్ పాడై కొత్తది కొంటే, పాతదానితోనూ కొత్తదానితోనూ ఒక వారం పాటు రెండు రీడింగులూ తీసి తేడా రాసుకోండి. పాతది బొత్తిగా పనిచేయకపోతే సాక్షి జతను కొత్తదానితో కొలిచి, అక్కడ వచ్చిన తేడానే మిగతా వాటికీ సరిచేసుకోండి.